పలకని చెక్క – పదకొండో భాగం: తెగిన అక్షరం

పోయిన వారం జబ్బార్‌ని ఎక్కడ వదిలేసి వచ్చామో గుర్తుంది కదా. కొల్లేటి గట్టు మీద, టార్పాలిన్ పందిరి కింద, ఒడ్డుకి లాగిపెట్టిన పాత ఫైబర్ పడవ డెక్కు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎడం చేతిలో అప్పుడే హార్డ్‌నర్ కలిపిన రెజిన్ జిగురు మగ్గు, కుడి చేతిలో పుట్టీ రేకు. ఆ రేకు తగిలి డెక్కు మీది నీలం పెయింటు పొరలా లేచొచ్చింది. దాని కింద, తెల్లటి ఫైబర్ మీద, పెన్సిల్ రాత కనబడింది.

కొత్తగా ఈ వారమే చేరినవాళ్లకి నాలుగు ముక్కల్లో చెబుతాను, పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి. పడవ బంగార్రాజుది. పేరు 'సువర్ణ', ఆయన ఒక్కగానొక్క కూతురి పేరే. జూలైలో ఓ శుక్రవారం, పడవ ఖాళీగా రేవులోకి వస్తుండగా, ఆయన అల్లుడు గోపీనాథ్ ముందు కొసన నిలబడి తాడు విసరబోతూ గట్టు రాళ్ల మీద పడి చనిపోయాడు. చేత్తో పట్టుకున్న ఇనప గుంజ కూడా ఊడి అతనితోపాటే వచ్చేసింది. పడవలో ఉన్నది ఇద్దరే, మామా అల్లుడూ. ఫోను తీసి చూసుకుంటూ కాలు జారాడనీ, పడుతూ పడుతూ గుంజని పీక్కుపోయాడనీ బంగార్రాజు చెప్పాడు. పోలీసులు రాసుకున్నదీ అదే. ఫోను కొల్లేట్లో పోయిందన్నదీ ఆయనే. అందులో ఆఖరిగా మోగిన కాల్ సువర్ణది.

అందుకే ఈ నాలుగు నెలలుగా సువర్ణ మోస్తున్నది మొగుడు పోయిన దుఃఖం ఒక్కటే కాదు. వచ్చేటప్పుడు కూతురు ఇందుజకి స్కూలు బూట్లు తెమ్మని చెప్పడానికి చేసిన ఫోను అది. సాయంత్రం చేసినా సరిపోయేది. ఆ మాట ఆమె పైకి ఎవరితోనూ అనలేదు, రోజూ తనలో తను అనుకుంటూనే ఉంది.

ఇక ఈ వారంలోకి వద్దాం.

కార్తీకం వచ్చినా వాన వదల్లేదు. సముద్రంలో వాయుగుండమని మూడు రోజులుగా ఒకటే ముసురు. రెజిన్‌కి తడి గిట్టదు, తడిలో వేస్తే పట్టదు, పట్టినా నిలవదు. ఆ మధ్యాహ్నం కాస్త తెరిపిచ్చిందని జబ్బార్ గబగబా పని మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే సువర్ణ టీ ఫ్లాస్కు పట్టుకుని గట్టు దిగి వచ్చింది.

"ఏంటండీ జబ్బారుగారూ, అలా ఉండిపోయారు?"

జబ్బార్ దాచెయ్యొచ్చు. చేతిలో రేకు ఉంది, నాలుగు గీకులు గీకితే పెన్సిల్ రాత ఎంతసేపు! ఆ ఆలోచన అతనికి వచ్చింది కూడా. రాలేదని నేను అబద్ధం చెప్పను. అరవై ఏళ్ల మనిషి, పెద్దవాళ్ల ఇళ్ల గొడవల్లో వేలు పెట్టి ఎరగడు. కానీ ఆ పిల్ల ముఖం చూశాక రేకు కింద పెట్టి పక్కకి జరిగాడు.

"ఇది మీరు చూడాలమ్మా," అన్నాడు.

సువర్ణ డెక్కు ఎక్కి వంగి చూసింది. మూడు వరసలున్నాయి.

3-7
గుంజ చుట్టూ డబ్బ శబ్దం. లోపల నానింది.
మామయ్యగారికి చెప్పా

అంతే. ఆ తర్వాత అక్షరం లేదు. అక్షరం కాదు, అసలు డెక్కే లేదు. మొన్న జబ్బార్ గ్రైండర్ పెట్టి కోసిన గీత సరిగ్గా అక్కడే దిగింది. అవతల అంతా గొయ్యి.

ఆ రాత ఎవరిదో సువర్ణకి ఒకరు చెప్పక్కర్లేదు. గోపీనాథ్ 'మ' రాస్తే 'వు'లా ఉండేది. పెళ్లయిన కొత్తలో సామాన్ల చీటీలో 'మామిడికాయలు' అని రాస్తే 'వువుిడికాయలా' అని ఆమె ఓ పూటంతా ఏడిపించింది. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పనిచేసేవాడు. ఏ మెషీన్‌లో ఏ తేడా కనబడినా, తేదీ వేసి ఆ మెషీన్ ఒంటిమీదే పెన్సిల్‌తో రాసెయ్యడం అతని అలవాటు. కాగితం మీద రాస్తే కాగితం పోతుంది, దాని మీదే రాస్తే దాన్ని ముట్టుకున్నవాడల్లా చూస్తాడు అనేవాడు. ఇంట్లో మిక్సీ మీద ఇప్పటికీ ఉంది ఆ రాత. ఆమె దాన్ని తుడవనివ్వదు.

ఆమె ఆ అక్షరాల మీద వేళ్లు పెట్టింది. ఏడుపు రాలేదు.

"డబ్బ శబ్దం అంటే ఏంటండీ?"

జబ్బార్ పక్కనున్న పంజా తీశాడు. అతనిది ఏలూరులో తివాచీలు నేసిన కుటుంబం. వాళ్లమ్మ మహబూబ్ బీ మగ్గం మీద ముడులు దిగ్గొట్టడానికి వాడిన ఇనప పళ్ల పంజా అది. తివాచీలు పోయాయి, మగ్గం పోయింది, జబ్బార్ ఫైబర్ పనిలోకి వచ్చి ముప్పై ఏళ్లయింది, పంజా మాత్రం సంచీలో ఉండిపోయింది. దాని చెక్క పిడితో డెక్కు తట్టి చూస్తాడు. కుండ కొనేటప్పుడు మన ఆడవాళ్లు తట్టి చూస్తారే, అలాగ.

గొయ్యికి దూరంగా, వెనకవైపు తట్టాడు. టంగ్, టంగ్ అంది. గొయ్యి అంచున తట్టాడు. డబ్, డబ్ అంది.

"పలికేది మంచి చెక్కండీ. పలకనిది పోయిన చెక్క. ఫైబర్ డెక్కంటే ఒకటే పలక కాదమ్మా. పైనో పొర, కిందో పొర, మధ్యలో ప్లైవుడ్డు. మూడూ కరుచుకుని ఉన్నంతకాలం ఏనుగెక్కినా ఏం కాదు. మధ్యలోకి నీళ్లు పోయాయంటే మాత్రం పై పొర విడిపోద్దండీ. పైకి ఏమీ తెలీదు."

పైన పటారం, లోన లొటారం అన్న సామెత పుట్టించినవాడు ఇలాంటి డెక్కు మీదే కాలేసి ఉంటాడు.

అతను గొయ్యిలోంచి చేతికొచ్చినంత తీసి చూపించాడు. ప్లైవుడ్ అంటే నమ్మేట్టు లేదు. నల్లగా, బంకగా, చెరువు అడుగు బురదలా ఉంది. వాసన కూడా అదే.

"నీళ్లెలా పోయాయండీ?"

"ఆ నాలుగు బెజ్జాలూ చూడండి. పందిరి పైపులకి వేసినవి. బెజ్జం వేశాక లోపలి చెక్కకి రెజిన్ పట్టించాలండీ. ఎవరో కొవ్వొత్తి కరిగించి పోశారు. వేసవికి మైనం కారిపోద్ది, వానకి నీళ్లు దిగుతాయి."

ఆ పందిరి ఎప్పటిదో సువర్ణకి తెలుసు. ఏడేళ్ల కింద, తన పెళ్లికి వేసింది. పెళ్లివారిని కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనానికి తీసుకెళ్తూ, ఎండ తగలకూడదని పైపులు బిగించి బట్ట కట్టారు. తర్వాత ఎక్కేవాళ్లకి నీడగా ఉంటుందని పైపులు అలాగే ఉంచేశారు. ముందు కొసనున్న పైపే ఆ రోజు గోపీనాథ్ పట్టుకున్న గుంజ.

"జబ్బారుగారూ, ఒక్క మాట అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన పడుతూ గుంజని పీక్కుపోయారా?"

జబ్బార్ తల దించుకున్నాడు. చేతిలో మగ్గు వేడెక్కుతోంది. కలిపిన రెజిన్ పావుగంటకి మించి ఆగదు. ఈ లోపల గొయ్యిలో కొత్త చెక్క పరవకపోతే అంతా దండగ. అతను మగ్గుని కింద పెట్టాడు.

"పీకక్కర్లేదమ్మా. దానికి పట్టే లేదు. ఈ చెక్క ఏళ్ల తరబడి నానింది. గుంజ ఊడొచ్చాకే ఆయన పడి ఉంటారండీ. నా ముప్పై ఏళ్ల పని మీద ప్రమాణం చేసి చెప్పమన్నా ఇదే చెబుతాను."

ఆ చివరి మాట జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. పాపం, దాంతో అతనికి త్వరలోనే పని పడబోతోంది.

గట్టు మీద బండి ఆగిన చప్పుడైంది. బంగార్రాజు. అరవై దాటినా నిటారుగా ఉండే మనిషి. కొల్లేటి పడవల సంఘానికి ప్రెసిడెంటు. ఎవరినీ 'అండీ' అనకుండా పలకరించడు, సాయం అడిగినవాళ్లకి కాదనడు. అల్లుడు పోయాక మనవరాల్ని రోజూ బండి మీద స్కూలుకి దింపేది ఆయనే. ఈయన్ని చెడ్డవాణ్ని చేసి చూపించాలని నాకు లేదు. చెడ్డవాడైతే ఈ కథ ఇంత బరువుండేది కాదు.

"ఎంతవరకు వచ్చిందండీ జబ్బారుగారూ? తెరిపి ఉండగానే మూసేస్తారా? సోమవారం మళ్లీ వానంటున్నారు."

"నాన్నగారూ, ఇలా రండి," అంది సువర్ణ. "ఆయన రాసింది ఇక్కడుంది."

బంగార్రాజు డెక్కు ఎక్కాడు. వంగలేదు. నిలబడే ఒక్క చూపు చూశాడు.

"అది 'చెప్పాలి' అమ్మా. చెప్పాలి అని రాసుకున్నాడు. నాతో చెప్పలేదు."

సువర్ణ తలెత్తింది.

"నేనింకా ఏమీ అడగలేదు కదండీ."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. బంగార్రాజు కండువాతో మెడ తుడుచుకున్నాడు. చెమట పట్టే రోజు కాదది.

మన భాషతో వచ్చిన చిక్కే ఇది. ఒక్క అక్షరం చాలు. 'ను' పెడితే చెప్పడం అయిపోయింది. 'లి' పెడితే ఇంకా కాలేదు. ఒకటైతే బంగార్రాజుకి అన్నీ తెలుసు. రెండోదైతే ఏమీ తెలీదు. ఆ అక్షరం గ్రైండర్ బ్లేడు కింద తెగిపోయింది.

"పోనీ, చెప్పాలి అనే అనుకుందాం," అంది సువర్ణ. గొంతు మెత్తగానే ఉంది. "రాసింది జూలై మూడు, గురువారం. మర్నాడు శుక్రవారం. ఆ రోజు తొలి ట్రిప్పుకి కొబ్బరికాయ దేని మీద కొట్టారు?"

"ఏ వారం కాయ దేని మీద కొట్టానో నాకేం గుర్తుంటుందమ్మా?"

"నాకు గుర్తుందండీ. మేం అంతకుముందు రోజే గూడెం నించి వచ్చాం. పొద్దున్నే అమ్మ సన్నికల్లు కనపడలేదని ఇల్లంతా వెతికింది. మీరు పడవలోకి పట్టుకెళ్లారు. దాని మీద కాయ కొట్టి, మధ్యాహ్నానికి తెచ్చి పెట్టారు. అమ్మ మిమ్మల్ని తిట్టింది కూడా."



ఈ కొబ్బరికాయ గొడవ కాస్త చెప్పాలి. పడవ నీళ్లలోకి దిగిన నాటి నుంచీ ప్రతి శుక్రవారం తొలి ట్రిప్పుకి ముందు పెద్దింట్లమ్మ పేరు చెప్పి, ముందు కొసన, డెక్కు మీదే కాయ కొట్టడం బంగార్రాజు ఆనవాయితీ. ఒక్క దెబ్బకి రెండు చెక్కలవ్వాలి. పదిహేడేళ్లు అలాగే అయింది. పెళ్లయిన రెండేళ్లకి కాయ మొరాయించడం మొదలుపెట్టింది. రెండు దెబ్బలు, మూడు దెబ్బలు, ఒక్కోసారి ఐదు. ఇంట్లో అందరూ అమ్మవారికి కోపం వచ్చిందనుకున్నారు. ఎందుకొచ్చింది? ఈ మధ్య ఇంట్లోకి కొత్తగా వచ్చిందెవరు? అల్లుడు. అతని అడుగు మంచిది కాదని సువర్ణ తల్లి అతను వినేలాగే అనేది. అతను నవ్వేసి ఊరుకునేవాడు. కింద చెక్క మెత్తబడితే పైన కాయ పగలదు అన్న ముక్క ఐదేళ్లపాటు ఒక్కరికీ తట్టలేదు.

"ఇరవై రెండేళ్లు డెక్కు మీదే కొట్టిన మనిషికి, ఆ ఒక్క వారం రాయి ఎందుకు కావలసొచ్చింది నాన్నగారూ?"

ముసురుగాలికి టార్పాలిన్ ఎగిరి పడింది. బంగార్రాజు మెల్లిగా పడవ అంచున కూలబడ్డాడు.

"చెప్పాడమ్మా," అన్నాడు.

సువర్ణ ఓ అడుగు దగ్గరికి వచ్చింది.

"గురువారం సాయంత్రం, ఇదే రేవులో చెప్పాడు. మామయ్యగారూ, అమ్మవారికి కోపమేం లేదండీ, కింద చెక్క నానిపోయింది, దిండు మీద పెట్టి కొడితే కాయ పగులుద్దా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఐదేళ్లు, సువర్ణా. కోళ్లు కోశాను. ముడుపులు కట్టాను. వాడి ముఖం మీదే వాణ్ని దరిద్రప్పాదం అంటుంటే విని ఊరుకున్నాను. ఇదంతా ఓ పుచ్చిపోయిన చెక్క కోసమా?"

"తెలిసిన రోజునే కోయించాల్సింది కదండీ."

"ఆషాఢం అమ్మా. ఆషాఢంలో పడవకి కొత్త చెక్క వెయ్యకూడదంటారు. శ్రావణం రాగానే జబ్బారుగార్ని పిలుద్దామనుకున్నాను. మూడు వారాలే కదా అనుకున్నాను. ఎక్కేవాళ్లు ఆ గీతలు చూస్తే భయపడతారని మర్నాడే పైన పెయింటు కొట్టేశాను."

"మరి ఆయనకి తెలుసు కదా, ఆ గుంజ గట్టిది కాదని. తెలిసీ ఎందుకు పట్టుకున్నారు?"

ఈ ప్రశ్న వస్తుందని బంగార్రాజుకి తెలుసు. నాలుగు నెలలుగా ఎవరూ అడక్కుండానే దీనికి జవాబు చెప్పుకుంటున్నాడాయన.

"మళ్లీ శుక్రవారం, పోయిన రోజునే, పడవెక్కుతూ అడిగాడు. డెక్కు ఏం చేశారు మామయ్యగారూ అన్నాడు. కొత్త పెయింటు మెరుస్తోంది. నాకు విసుగొచ్చింది. చేయించేశానులే అన్నాను."

దూరంగా చేపల చెరువు మీద గూడబాతులు లేచి మళ్లీ అక్కడే వాలాయి.

"నమ్మాడు," అన్నాడు బంగార్రాజు. "నమ్మి పట్టుకున్నాడు."

సువర్ణ గొయ్యి అంచున కూర్చుంది. ఇంకొక్కటే మిగిలింది.

"ఫోను?"

"తియ్యనేలేదమ్మా. ఓ చేతిలో తాడు, ఓ చేతిలో గుంజ. ఎక్కడ తీస్తాడు? జేబులోనే మోగింది. వాడు పడ్డాక కూడా మోగుతూనే ఉంది."

అప్పుడు ఏడ్చింది సువర్ణ. అంత్యక్రియల నాడు ఏడవని ఏడుపు అది. జబ్బార్ ముఖం తిప్పుకుని నీళ్లవైపు చూస్తూ నిలబడ్డాడు. అతనికి చాలా కోపంగా ఉంది, ఆ కోపం ఎవరి మీద చూపించాలో మాత్రం తెలియలేదు.

"నాలుగు నెలలు నాన్నగారూ," అంది సువర్ణ కాసేపటికి. "నా ఫోనే ఆయన్ని చంపిందని నేను నిద్రలేకుండా పొర్లుతుంటే, మీరు పక్క గదిలోనే ఉన్నారు. నేను అన్నం తినట్లేదని మీ చేత్తో కలిపి పెట్టారు. ఒక్కసారైనా నోరు రాలేదా మీకు? ఇందుజ నా ఫోను ముట్టుకోదు. మోగితే చెవులు మూసుకుంటుంది. ఆరేళ్ల పిల్లకి ఎవరు చెప్పారో చెప్పేశారు, మీ అమ్మ ఫోను చేస్తేనే మీ నాన్న పడిపోయాడని."

"కేసవుతుందని భయపడ్డానమ్మా. పడవ పోతుంది, సంఘంలో పరువు పోతుంది, మీ ఇద్దర్నీ ఎవరు చూస్తారనుకున్నాను. మొదటిరోజు చెప్పలేకపోయాను. రెండో రోజుకి ఇంకా కష్టమైంది."

"రేపు ఏలూరు వెళ్దాం. స్టేషన్‌లో ఇదే చెప్పండి. మీ మీద కోపంతో అనట్లేదు. ఆయన ఫోను చూసుకుంటూ పడ్డారని ఆ కాగితం మీద ఉండకూడదు. రేపు ఇందుజ పెద్దదై ఆ కాగితమే చదువుతుంది."

బంగార్రాజు కళ్లు తుడుచుకుని తలూపాడు.

"వెళ్దాం. చెబుతాను."

మగ్గులోంచి ఘాటుగా వాసన వచ్చింది. జబ్బార్ చూసేసరికి రెజిన్ పొగలు కక్కి, బిగుసుకుని రాయైపోయింది. కుంచె అందులోనే చిక్కుకుపోయింది. ఎప్పుడైనా అయితే తిట్టుకునేవాడే. ఈసారి పట్టించుకోలేదు. వేడిగా ఉన్న ఆ మగ్గు చూస్తుంటే అతనికి ఇంకొకటి గుర్తొచ్చింది.

కోసిన పై పొర. గొయ్యి మీంచి తీసిన నీలం పలక. దాన్ని అతను పారెయ్యలేదు. మళ్లీ పైన అతికించడానికి పనికొస్తుందని ఉంచి, వాన పడకుండా రెజిన్ డ్రమ్ము మీద మూతగా పెట్టాడు.

"అమ్మాయిగారూ, తెగిన ముక్క నా దగ్గరే ఉందండీ!"

మంచి మనసుతోనే అన్నాడు. స్టేషన్‌లో చూపించడానికి ఆ పిల్ల చేతిలో ఒక రుజువు పెడదామనుకున్నాడు. పరుగున వెళ్లి పలక తెచ్చి డెక్కు మీద పెట్టాడు. కోసిన అంచుని గొయ్యి అంచుకి కలిపి, పుట్టీ రేకు నీలం పెయింటు కిందికి దూర్చాడు. అట్టు తిరగేసినంత తేలిగ్గా పెయింటు లేచింది. తుడవని దుమ్ము మీద కొట్టిన పెయింటు, ఇంకెలా ఉంటుంది!

ముగ్గురూ వంగి చూశారు. ఈసారి బంగార్రాజు కూడా వంగాడు.

ఒకే ఒక్క అక్షరం ఉంది.

'లి'.

మామయ్యగారికి చెప్పాలి.

గోపీనాథ్ మధ్యాహ్నం రాశాడు, సాయంత్రం చెప్పాడు. అంతే తేడా. మధ్యలో ఉన్న రెండు మూడు గంటలకి పెన్సిల్ రాత ఉండదు కదా.

బంగార్రాజు ఆ అక్షరాన్ని చాలాసేపు చూశాడు. నాలుగు నెలలుగా ఏ కాగితం మీద తన పేరు కనబడుతుందోనని భయపడుతున్న మనిషి. వంగినవాడు మెల్లిగా నిటారయ్యాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. ఆయన ముఖంలోకి ఏదో తిరిగి వచ్చింది, సువర్ణకి అది అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"నేను ముందే చెప్పాను కదమ్మా," అన్నాడు. "చెప్పాలి అనే ఉంది."

"నాన్నగారూ?"

"చెప్పాలనుకున్నాడు. పాపం, ఈ లోపలే పోయాడు."

"ఇప్పుడే కదండీ మీరు... చేయించేశానన్నారు. ఫోను జేబులోనే మోగిందన్నారు."

"నువ్వలా కుమిలిపోతుంటే చూడలేకపోయానమ్మా." ఆయన గొంతులో ప్రేమ ఉంది. అదే భయంకరంగా ఉంది. "నీ మనసు కాస్త తేలికపడుతుందని ఏదో అన్నాను. కన్నతండ్రిని కదా. ఫోను సంగతి అంటావా, అది నేను కళ్లారా చూసిందే. దాన్ని మార్చి నేనేం చెప్పను?"

సువర్ణ తండ్రి ముఖంలోకి చూసింది. ఇంతకుముందు అక్కడ కూర్చుని ఏడ్చిన మనిషి ఎటు పోయాడో ఆమెకి దొరకలేదు. నిమిషం క్రితం దించుకున్న బరువు అలాగే తెచ్చి మళ్లీ ఆమె నెత్తిన పెట్టేశాడు, అదీ ప్రేమగా.

వాన మొదలైంది. టార్పాలిన్ మీద చినుకులు టపటపలాడాయి. ఆమె లేచి నిలబడి జబ్బార్‌వైపు తిరిగింది.

జబ్బార్ సంగతి మీకు తెలుసు. ఈ సరస్సు మీద తిరిగే ఏ ఫైబర్ పడవకి చిల్లు పడినా అతన్నే పిలుస్తారు. పిలవమని చెప్పేది సంఘం ప్రెసిడెంటు. బంగార్రాజు వద్దన్న రోజున కొల్లేట్లో అతనికి పని ఉండదు. ఇటు చూస్తే ఈ పిల్ల. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా అయింది అతని పని.

"జబ్బారుగారూ, మీరు ఇక్కడే ఉన్నారు," అంది సువర్ణ. "నాన్నగారు అన్నది మీరు విన్నారు కదండీ?"

జబ్బార్ చేతిలో పంజా బిగించి పట్టుకున్నాడు. నోరు తెరవబోయాడు.

"ఏం విన్నావు సాయిబూ?" అన్నాడు బంగార్రాజు.

ఇరవై ఏళ్ల పరిచయంలో ఆయన జబ్బార్‌ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి.